గోపమ్మ విప్పలేని సంచి

మొయినాబాదులో కిరాణం నడిపే సుమిత్రమ్మ ముప్పై ఏళ్లుగా పొట్లాలు కట్టింది. కాగితం మూడు మడతలు, దారం రెండు చుట్లు, చివర ఒక జారుముడి. దారం కొస లాగితే పొట్లం విచ్చుకుంటుంది. 2005 వానాకాలానికి ముందు ఆ ముడిని ఆమె తానుగా వదులుకుంది. తరువాత వచ్చిన కోపంలో సగం ఇతరుల మీద, సగం తన మీద.

వాగు అవతలి వాడలో మంచం దిగలేని వృద్ధులు పదకొండు మంది. వాళ్ల పిల్లలు పొద్దున్నే అజీజ్‌నగర్ ఫామ్‌హౌసుల్లో వంటకూ, గండిపేట దిక్కు కొత్త ఇళ్ల కాపలాకూ వెళ్లి సాయంత్రం తిరిగివస్తారు. వాగు పొంగితే అటువాళ్లు అటే. అందుకని సుమిత్రమ్మ ఏటా ఇరుగుపొరుగును కూడగట్టి మక్కజొన్నలు వేయించి, తిరగలిలో విసిరి, బెల్లం కలిపి సత్తుపిండి చేయించేది. ప్రతి మంచం పక్కనా అరకిలో పొట్లం ఉంచేది. నీళ్లు కలిపితే చాలు. పొయ్యి అక్కరలేదు, పళ్లు అక్కరలేదు.

ఆ ఏడాది ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ ఉద్యోగులు సాయానికి వచ్చారు. వాళ్లను నడిపించే శ్యాంసుందర్ దళసరి ప్లాస్టిక్ సంచులు, వాటి మూతులు వేడితో అతికించే మిషను తెచ్చాడు. సంచుల మీద కంపెనీ పేరుంది.

"కాయితం చెమ్మ పీలుస్తదమ్మా. దీంట్ల ఆర్నెల్లున్నా ఏం కాదు."

"మరి ముసలోళ్లు ఎట్ల ఇప్పుతరు బిడ్డ?"

"చింపుడే కదమ్మా."

చెమ్మ మాట నిజమే కనుక సుమిత్రమ్మ ఒప్పుకుంది. మిషను మీట తానే నొక్కింది. ఫొటోలు తీసుకున్నారు.

ఆగస్టులో రెండు రోజులు వాన తెరిపివ్వలేదు. మూడో నాడు మధ్యాహ్నం వాగు మోకాటి లోతుకు తగ్గగానే, అజీజ్‌నగర్‌లో చిక్కుకుపోయిన జంగమ్మతో కలిసి సుమిత్రమ్మ నీళ్లు దాటింది. జంగమ్మ తల్లి గోపమ్మకు ఎనభై ఒక్క ఏళ్లు. తుంటి విరిగి రెండేళ్లయింది. ఆమె ప్రాణాలతో ఉంది. చెంబులో నీళ్లు అయిపోయాయి. ఒళ్లో సంచి ఉంది: ఒక మూల చిగుళ్లతో నమిలిన గుర్తులు, పొడుగునా గోటి గీతలు. పిండి చిటికెడైనా బయటికి రాలేదు.

"ఎవలనన్న పిలువకపోతివా అవ్వా?" అంది జంగమ్మ.

"పిలిచిన. గా వానల ఎవలకు ఇనొస్తది? గట్టిగనే చేసిన్రు బిడ్డ, నా తిండి నేను దొంగిలియ్యకుంట."

జంగమ్మ సుమిత్రమ్మ వైపు తిరగకుండానే అంది: "ఫొటోల మంచిగనే వడ్డది సంచి."

పదకొండు సంచుల్లో ఏడు అలాగే ఉన్నాయి. ఇంట్లో మరో మనిషి ఉన్నచోటనే తక్కిన నాలుగూ తెరుచుకున్నాయి.

శనివారం శ్యాంసుందర్ బృందం కొత్త సంచులతో వచ్చింది. సుమిత్రమ్మ అతణ్ణి బియ్యం బస్తా మీద కూర్చోబెట్టి, ముసలి చేతిలా పట్టు చిక్కకుండా కుడిచేతికి తువ్వాల చుట్టి కట్టి, గోపమ్మ సంచిని ఒళ్లో పెట్టింది.

"పండ్లు వెట్టొద్దు. కత్తెర లేదు. ఇప్పు."

అతని స్నేహితులు నవ్వారు. గోడ గడియారంలో ఆరు నిమిషాలు గడిచేసరికి నవ్వు ఆగింది.

"ఇది ఫెయిర్ కాదమ్మా."

"గోపమ్మకు రెండు దినాలు టైమిచ్చినం. నీకింక మస్తున్నది."

"సీల్ చేసింది మీరే కదా."

"నేనే నొక్కిన. యాదున్నది. నువ్వు ఇప్పు."

పదకొండో నిమిషాన అతను సంచిని కింద పెట్టాడు. సుమిత్రమ్మ వైరు పీకి మిషనును అతని చేతికిచ్చింది.

ఆ తరువాత ఆమె అరకిలో పిండిని పలచటి కవర్లో పోసి, మూతి మెలిపెట్టి, జానెడు గుడ్డపీలికతో జారుముడి వేసి, దుకాణం వెనుక నెమ్ము గదిలో ఏడు రోజులు ఉంచింది. మళ్లీ తూచింది. ఐదు వందల రెండు గ్రాములు. రెండు గ్రాముల చెమ్మకు భయపడి గోపమ్మను రెండు రోజులు పస్తుంచారు. ఆ అంకెను సుమిత్రమ్మ శ్యాంసుందర్‌కు ఫోన్లో చెప్పింది, మరో మాట చేర్చకుండా పెట్టేసింది.

కొత్త కవరును గోపమ్మకు తానే తీసుకెళ్లింది. వణికే రెండు వేళ్లు పీలికను లాగాయి. ముడి జారింది. గోపమ్మ పిండిని నోట్లో వేసుకుని, "బెల్లం తక్కువేసినవ్," అంది.

 సుమిత్రమ్మ కవరు తీసుకుని మళ్లీ ముడి వేసింది.

"మల్ల ఇప్పు అవ్వా."

గోపమ్మ విప్పింది. సుమిత్రమ్మ మూడోసారి కట్టింది.

"మల్ల ఇప్పు."

"నన్ను తిననిస్తవా, లేదా?" అంది గోపమ్మ.