టీ బండి దాకా రాని ఆట

రెండువేల పదహారు ఎండాకాలం. కొల్లాపూర్ మార్కెట్ యార్డు మైదానంలో ఉత్సవ కమిటీ వాళ్లు షామియానా వేసి రెండు రోజులు ఆటలు పెట్టించారు. రాత్రిపూట మైకు వద్దన్నారని ఎండ చల్లబడగానే మొదలుపెట్టి, దీపాలు పెట్టే వేళకు ముగించేవారు. షామియానా చుట్టూ కట్టిన తాడుకు ఇవతల నా టీ బండి. పొయ్యిని లోపలికి రానివ్వరు. పైన బట్ట పందిరి కదా, అది న్యాయమే.

ఆటల దగ్గర టీ అమ్మడమంటే గిరాకీకి కొదువ ఉండదని అనుకుంటారు. గిరాకీ ఉంటుంది, కానీ అది ఎప్పుడు వస్తుందో తెలియాలి. డికాక్షన్ అంటే పొడి, చక్కెర, దంచిన అల్లం వేసి మరిగించిన నీళ్లు. అది కాసేపు ఆగుతుంది. పాలు ఆగవు. సిమ్‌లో పెట్టి, అంటే మంట బాగా తగ్గించి కాచినా సరే, మాటిమాటికీ కాగితే మీగడ కట్టి వాసన మారుతుంది. పాలూ దండుగ, గ్యాసూ దండుగ. బస్టాండు దగ్గర అమ్మేవాళ్లు బస్సు టైము చూసి పాలు పెడతారు. నేను ఆట ఏ రకమో చూసి పెడతాను.

రకాలు రెండు. ఒకటి మాటల నాటకం. అందులో మనుషులు ఇంట్లో మాట్లాడుకున్నట్టే మాట్లాడతారు, పాటలుండవు. రెండోది భాగోతం. హార్మోనియం, మద్దెల, తాళాలతో కథంతా పాటలోనే నడుస్తుంది. మాటల నాటకానికి పొయ్యి ఆర్పి కూర్చోవచ్చు, ఒక్కరూ లేచి రారు. ముగిశాక మాత్రం అందరూ ఒక్కసారే మీద పడతారు. భాగోతానికైతే మద్దెల మొదలైనప్పటి నుంచి ఆగేదాకా ఒకరి వెనుక ఒకరు వస్తూనే ఉంటారు. ఏళ్ల తరబడి ఇదే వరస. దీన్నిబట్టి జనానికి మాటల నాటకం మీదే మక్కువ అని నాకు నేను తేల్చుకున్నాను. నాకు మాత్రం పాటలే ఇష్టం. వంటింట్లో కూడా అవే పాడుకునేదాన్ని. జనానికి ఎందుకు నచ్చవా అని అప్పుడప్పుడు అనిపించేది కానీ, కూర్చుని ఆలోచించే తీరిక ఎక్కడిది?

ఆ ఏడు మొదటి రోజు ముందుగా నల్లగొండ నుంచి వచ్చిన వాళ్లు మాటల నాటకం ఆడారు. బోరు వేయాలా వద్దా అని రైతు ఇంట్లో నడిచే గొడవ. చంటిపిల్లల తల్లులు కూడా లేవలేదు. తర్వాత ఎల్లయ్య మేళం భాగోతం. ఎల్లయ్య ఇక్కడికి దగ్గరి పల్లె మనిషి. పొలం చేసుకుంటూ మేళం నడుపుతాడు, రాజు వేషం ఎప్పుడూ తనదే. రాజ్యం పోగొట్టుకుని అడవులు పట్టిన రాజు కథ అది. మద్దెల మోగగానే కుర్చీలు ఖాళీ అవడం మొదలైంది. నా బండి చుట్టూ మనుషులు నిండిపోయారు.

కమిటీ పెద్ద నర్సింహ ఆ ఖాళీ కుర్చీల వైపు చూసుకుంటూ వచ్చి టీ అడిగాడు. తాగుతూ అందరూ వినేటట్టే చెప్పాడు.

"జనం లేస్తున్నరవ్వా. రెండు మేళాలను పిలిచే తాకత్ మాకు లేదు. వచ్చే ఏడు మాటల నాటకమొక్కటే పెడ్తం."

నా లెక్క కూడా అదే చెబుతోంది మరి.

ఆట అయ్యాక ఎల్లయ్య వచ్చాడు. మొహాన రంగు సగమే పోయింది, చెవుల పక్కన పసుపు అట్లాగే ఉంది. ఆ మాట అప్పటికే అతనికి చేరింది. ఒకప్పుడు తమను పిలిచే ఊళ్లు చాలా ఉండేవని, ఇప్పుడు మిగిలింది ఇదొక్కటేనని, ఇదీ పోతే మద్దెల కొట్టేవాడు హైదరాబాద్‌లో వాచ్‌మన్ పనికి పోతానంటున్నాడని చెప్పాడు. మద్దెల లేనిదే మేళం లేదు. అందుకని రేపటి ఆటలో పాటలు కోసేసి, కథంతా మాటల్లో చెప్పిద్దామని అనుకుంటున్నాడట.

"అక్కా, నీ కాడికొచ్చినోళ్లు నా ఆటను ఏమంటరు? దాచకుంట చెప్పు."

ఇంతకాలం టీ అమ్మాను, కానీ ఆ సంగతి ఎవరినీ అడగలేదు. తెలియనిది తెలుసని చెప్పడం నాకు చేతకాదు.

"నేనడగలె. రేపు అడుగుత. నువ్వు గూడ ఉండు, నీ చెవులతోనే ఇను. అప్పటిదాంక ఒక్క పాట గూడ కొయ్యకు."

రెండో రోజు వరస మార్చి భాగోతం ముందు పెట్టారు. రాజు వేషం రావడానికి చాలా సేపు పడుతుంది. మొదట మేళంలోని వయసు పిల్లలు పాడతారు. ఆ సందులో ఎల్లయ్య వేషం మీదే దుప్పటి కప్పుకుని, తల మీదికి లాక్కుని, నా బండి వెనుక నీళ్ల డ్రమ్ము పక్కన కూర్చున్నాడు. చలిజ్వరం వచ్చిన ముసలోడని అందరూ అనుకున్నారు.

మద్దెల మోగింది. జనం వచ్చారు. వాళ్లలో పెద్ద తలపాగా రైతు ఒకడున్నాడు, ఏటా వచ్చేవాడే. టీ ఇచ్చి, ఆట బాగాలేదా, లేచి వచ్చావు అని అడిగాను. అతను నన్ను వింతగా చూశాడు.

"బాగలేకుంటె ఇంటికి పోకపోదునా? పాట ఈడిదాంక మంచిగ ఇనొస్తది గదా. ఆ మాటల నాటకమైతె నలుగురు ఒక్కతీర్గ మాట్లాడ్తరు, ఈడికి గొణుగుడే వస్తది. ఒక్క మాట పోయిందంటె ఇంక కథ దొరకది. అందుకే లెవ్వం. గీ రాజు యాడికి పోతడో మా తాతకు గూడ ఎరుకే."

పక్కనున్న వాళ్లు నవ్వారు. అప్పుడు చూశాను, నవ్వనివాళ్లను. గ్లాసు చేతిలో పట్టుకుని, కళ్లు ఎటో పెట్టుకుని నిలబడి ఉన్నారు, పెదవులు మాత్రం పాటతో కదులుతున్నాయి. లోపల పిల్లవాడు చరణం ఎత్తుకోకముందే ఇక్కడ ఒకామె ఎత్తుకుంది. ఏళ్లుగా నా ముందే జరుగుతున్నది ఇది. నేను గ్లాసులే చూశాను కానీ పెదవులు చూడలేదు.

ఎల్లయ్య సంతోషిస్తాడనుకున్నాను. దుప్పటిలో నుంచి గొంతు తగ్గించి అన్నాడు.

"ఇనుడే అయితె రికార్డు పెట్టుకుంటె సరిపాయె గదక్కా. పగటి నుంచి మొఖానికి రంగు పూసుకున్నది ఎవలకోసం?"

ఆ మాటకు వచ్చిన కోపం రైతు మీద చూపాను. టీ పట్టుకుపోయి కూర్చుని చూస్తూ తాగితే ఏం పోయింది అని గదమాయించాను. అతను గ్లాసు పైకెత్తి చూపించాడు.

"నీ గ్లాసు పట్టుకపోనిస్తవా? పోయినేడు ఒకడు తాడు దాటంగనే ఎంటవడి గుంజుకొస్తివి. అప్పటి నుంచి తాగినంక పోదామంటె, పోయేసరికి నా కుర్చీల ఇంకొకడు ఉంటడు. గందుకే ఈడనే నిలవడ్డ."

అది నిజమే. నేను పేపర్ కప్పులు వాడను. ఒకసారి తాగి పారేసేదానికి డబ్బు పెట్టడం నా వల్ల కాదు. గాజు గ్లాసులు, అవి నా కళ్ల ముందు నుంచి కదలకూడదు. అంటే మనుషులను ఇక్కడ కట్టేసింది సగం పాట, సగం నా గ్లాసు అన్నమాట.

డ్రమ్ము దగ్గర ఎల్లయ్య లేచి దుప్పటి తీశాడు. రైతు చేతిలో టీ తొణికింది. ఎల్లయ్య తన వేషం వేళయిందని లోపలికి నడిచాడు. కిరీటం ఒకవైపు ఒరిగి ఉంది, సర్దుకోనైనా లేదు.

గ్లాసులు తీసుకుని లోపలికి పొండి అన్నాను. ఎవరూ కదలలేదు, ఇది పరాచికమనుకున్నారు. రెండోసారి గట్టిగా చెప్పాను. ఒక్క గ్లాసు తక్కువైనా ఎవరి చేతిలో ఉందో నాకు ఎరుకే అని కూడా చెప్పాను. అప్పుడు కదిలారు. గ్లాసులన్నీ తాడు దాటి అటు పోతుంటే నాకు కాలు నిలవలేదు. పాలు దించి, పొయ్యి ఆర్పి, ఖాళీ ట్రే పట్టుకుని వాటి వెనుకే నేనూ లోపలికి పోయాను. ఆట చూద్దామని కాదు, గ్లాసుల మీద కన్నేసి ఉందామని.

వెనుక వరసలో నిలబడ్డాను. ఎల్లయ్య పాట పూర్తిగా నాకు నోటికి వచ్చు. రాజు ఇల్లు విడిచి పోతూ పాడే పాట, మూడు చరణాలు. రెండో చరణం అయ్యాక మద్దెల ఒక్కటే చాలా సేపు మోగుతుంది. అక్కడ అతను నీళ్లు తాగి, ఊపిరి తీసుకుంటాడని ఇంతకాలం అనుకున్నాను. నీళ్లు కాదు. ఎల్లయ్య గుమ్మం దాకా పోయాడు. వెనక్కి తిరిగాడు. ఇల్లంతా ఒకసారి చూశాడు, మూలలు కూడా. అక్కడ స్టేజీ మీద ఉన్నది ఉత్త తెర, ఒక కుర్చీ. అయినా నాకు మూలలు కనబడ్డాయి. లేని గుమ్మానికి చెయ్యి ఆనించి, మళ్లీ తీసేసి, ఆ చేతిని తన పంచెకు తుడుచుకున్నాడు. తనది కాని వస్తువును ముట్టుకున్నట్టు. పాట లేదు, మాట లేదు.

నా చుట్టూ ఎవరూ గ్లాసు ఎత్తడం లేదు. తలపాగా రైతు నోటి దాకా తెచ్చింది అట్లాగే పట్టుకుని ఉన్నాడు, తాతల నాటి నుంచి తెలిసిన కథే అయినా.

కుర్చీలు నిండి ఉండడం నర్సింహ చూశాడు. ఆయన కూడా చివరి దాకా నిలబడే ఉన్నాడు. ఆట అయ్యాక కమిటీ వాళ్లు అక్కడే మాట్లాడుకుని, వచ్చే ఏడు లైట్ల దండలు తగ్గించి రెండు మేళాలనూ పిలుద్దామన్నారు. ఆ దండలు దండుగని నేను ఎప్పుడో చెప్పాను. మద్దెల కొట్టేవాడు హైదరాబాద్ పోలేదు. ఆ తర్వాత నేను మాటల నాటకాలు కూడా లోపలికి పోయి చూస్తున్నాను. అవీ నాకు నచ్చుతున్నాయి. ముందు పాటలే ఇష్టమనుకున్నానంటే, పొయ్యి దాకా వచ్చేది అవే కాబట్టి.

జనానికి ఏది ఎక్కువ ఇష్టం, మాటా పాటా అని ఇప్పటికీ నన్ను అడిగేవాళ్లున్నారు. ఏళ్లుగా వాళ్ల మధ్య ఉన్నదాన్ని కాబట్టి నాకు తెలిసి ఉంటుందని వాళ్ల నమ్మకం. ఎవరు లేచి వచ్చారో బండి దగ్గరే తెలుస్తుంది. ఎందుకు లేచారో అడిగితే తెలుస్తుంది. ఏది చూసి లేవలేకపోయారో తెలియాలంటే పోయి వాళ్ల పక్కన నిలబడాలి.

ఆ సాయంత్రం ఎల్లయ్య రంగు కడుక్కుని టీకి వచ్చినప్పుడు, ఆట ఎట్లుందని అడగలేదు. నేనే అడిగాను, గుమ్మం ముట్టుకున్న చెయ్యి ఎందుకు తుడుచుకున్నావని. అతను గ్లాసు కింద పెట్టేశాడు.

"అది చూసినవా అక్కా," అన్నాడు.