దుబ్బాక టీచర్ ఇంట్ల ప్లానార్ స్పీకర్లు

రిటైరైన లెక్కల టీచర్ సరోజనమ్మ ప్లానార్ స్పీకర్లు అమ్ముతదంటే ఇయ్యాల పొద్దున సిద్దిపేట నుంచి దుబ్బాక పోయిన. అవి తలుపులంత ఎత్తుంటయి, లోపల పల్చటి పొర కదిలి పాట వినిపిస్తది. ఆమె దగ్గరున్న చిన్న ఆంప్లిఫయర్‌కు తగిలిస్తే, రెండు నిమిషాలకే అది వేడెక్కి బందైంది.

"స్పీకర్లు ఖరాబైనయి బిడ్డా, ఏదన్న ఇచ్చి తీస్కపో" అన్నది.

సరే అంటే అగ్గువకే నా ఇంట్ల ఉండేటివి. మనసొప్పలె.

"స్పీకర్లు మంచిగనే ఉన్నట్టున్నయి టీచర్. వీటికి బలమైన ఆంప్లిఫయర్ గావాలె. మధ్యాహ్నం తెస్త, మీరే ఇనున్రి" అన్న.

మళ్ల సిద్దిపేట వచ్చి, ఇరవై కిలోల నా ఆంప్లిఫయర్‌ను బస్సుల ఒళ్లో పెట్టుకొని పోయిన. తొడలు తిమ్మిరెక్కినయి.

తగిలించంగనే వీణ తీగ మీద వేలు జారిన సప్పుడు సుత ఇనబడ్డది. టీచర్ పాట మొత్తం ఇన్నది. అప్పుడు వాటి అసలు ధర చెప్పిన.

"స్పీకర్లు ఇయ్యను గని, గా ఆంప్లిఫయర్ ఎంతకిస్తవో చెప్పు" అన్నది.

అది గూడ ఆమెకే అమ్మి ఉత్త చేతులతోని బస్సెక్కిన. మీరైతే పొద్దున్నే సప్పుడు చేయకుండ ఆ స్పీకర్లు అగ్గువకు తెచ్చుకునేటోళ్లా? నిజం చెప్పున్రి.