పందిరి కింద అమ్మ గోళ్లు

మొన్న దుబాయ్‌లోని నైఫ్ బజారులో కొన్న ద్రాక్ష గుత్తిని రూములో విప్పితే పులిసిన వాసన కొట్టింది. పండ్లు ఒకదాన్నొకటి ఒత్తుకుని నడిమధ్య కుళ్లిపోయాయి.

"మీ యమ్మకు చూపీ భాయ్, కత్తెర పట్టుకొస్తాది," అన్నాడు నాతో రూములో ఉండే కడప యూసుఫ్. అందరూ నవ్వారు.

ఆ నవ్వు నేను నేర్పిందే. మా ఊళ్లో ద్రాక్ష తోట ఉండేదని, ఎండలు ముదరకముందే అమ్మ గుత్తుల్లో సగం పిందెలు కత్తిరించి పారేసేదని, అంత రాతిగుండె మనిషిని చూడలేదని ఏళ్లుగా చెబుతూ వచ్చాను. పిందెల్ని కాపాడాలని నేను కత్తెర దాచిన సంగతీ చెప్పాను. ఆ తర్వాతది చెప్పలేదు.

కత్తెర దొరక్క అమ్మ గోళ్లతో మొదలుపెట్టింది. పందిరి కింద తల వెనక్కి వాల్చి, చేతులు పైకెత్తి, పక్క కాయకు గోరు తగలకుండా ఒక్కో పిందెనూ తుంచింది.

"ఎందుకు సంపుతున్నవమ్మా?" అని ఏడ్చాను.

"సంపుతలేను బిడ్డా, మిగిలినయాటికి జాగ ఇస్తున్న."

నాకది అబద్ధంలా వినిపించింది. కానీ ఆ వేసవి మా గుత్తుల్లో గాలి ఆడింది. ఒక్క పండూ కుళ్లలేదు. అంత ఓపికైన చేతుల్ని దుబాయ్‌లో నేను పనిచేసిన ఏ బిల్డింగు సైటు మీదా చూడలేదు.

పిందెలు తుంచిన రోజు సాయంత్రం అన్నంలో పచ్చడి కలుపుతుంటే, గోరు ఒరుసుకుపోయిన అమ్మ బొటనవేలు భగ్గుమంది. "మెడ గుంజుతుంది, జర పిసుకురా," అని పిలిచింది. నేను అలిగి గోడవైపు తిరిగాను. అమ్మ మళ్లీ పిలవలేదు. తన మెడ తనే పిసుక్కుంటూ కూర్చుంది.

ఇన్నేళ్లూ నేను చెప్పిన కథలో ఆ సాయంత్రం లేదు.