లారీ ట్యూబుల ఏమున్నది

గా రోజుల్ల మొగోడు మంచోడా కాదా అని తేల్చుకునేటందుకు మా ఆడోళ్లకు ముక్కు ఒక్కటే దిక్కు. ఇంట్లకు రాంగనే దగ్గరికి పోయి, చెమట తుడిచినట్టు జేసి వాసన చూసుడు. నాదైతే పోలీసు ముక్కు (మా బాపు తాగుడుకు సగం పత్తి చేను కరిగిపోయినంక వచ్చిన ముక్కు అది). తాగేటోడైతే తెల్లారే పుట్టింటికి వచ్చేస్తనని చెప్పే తాళి కట్టించుకున్న. దొరికినాయన కరీంనగర్ల లెక్కల సారు, వక్కపలుకు గూడ ముట్టడు. గింత మంచోడు ఉంటడా అని పెండ్లినాడే నాకు అనుమానమొచ్చింది.

కొన్నాళ్లు బాగనే గడిచింది. తర్వాత ప్రతి ఆదివారం మా సారు వెనుక అర్రల దూరి తలుపుకు గొళ్లెం పెట్టుకునుడు షురూ జేసిండు. బయటికొస్తే కండ్లు ఎర్రగుంటుండె, అంగీ నిండ నా ముక్కుకు గూడ అంతుచిక్కని ఘాటు. ఏందని అడిగితే పరీక్ష పేపర్లు దిద్దుతున్న అన్నడు. పేపర్లు దిద్దితే గింత వాసనొస్తదా? తలుపుకు చెవి పెట్టి విన్న. "చిక్కగుంది... ఇంకొక్క చుక్క... పాల లెక్క గావాలె... ఇంకొక్క చుక్క" అని తనల తనే మాట్లాడుకుంటుండు.

అది చాలదన్నట్టు ఓ ఆదివారం నిండుగ ఉబ్బిన లారీ ట్యూబును భుజానికేసుకొని వచ్చిండు. పక్కింటి పెద్దమ్మ నన్ను గోడ కాడికి పిలిచి, "పిచ్చిదానా, గుడుంబ ఊర్లకు దేంట్ల వస్తదనుకున్నవే? ట్యూబులల్లనే" అన్నది. ఇగ నాకు నిద్ర పడితే ఒట్టు. జమ్మికుంట నుంచి బాపును పిలిపించిన (ఆయన మానేసి అప్పటికి చాన ఏండ్లాయె). బట్టలు సదిరి సంచి గడప కాడ పెట్టిన.

బాపు అరుగు మీద చాయ్ తాగుతుంటే, నేను పత్తి బస్తాలు కుట్టే దబ్బనం పట్టుకొని పోయి తలుపు కొట్టిన. తీసుడే ఆలస్యం, సారు దిక్కు గూడ చూడకుండ ట్యూబును కసుక్కున పొడిచిన. తుస్సుమన్నది. గుడుంబ లేదు, గిడుంబ లేదు, ఉత్త గాలి. మా సారు ముక్కుకు దస్తీ కట్టుకొని, ఒక చేతిల రంగును పల్చగ జేసే థిన్నర్ సీసా, ఇంకో చేతిల పెన్నంత సన్నటి రంగు కొట్టే గన్ను పట్టుకొని బిత్తరపోయిండు. గన్ను ఫొటో స్టూడియోల పాతది అడిగి తెచ్చుకున్నడట. ట్యూబుల గాలి దానికేనట. రంగు చిక్కగుంటే గన్ను నోరు మూసుకుపోతదట, మరీ పల్చగైతే బొమ్మ మీద కారుతదట, అందుకే చుక్క చుక్క కలుపుడు. ఎనుక బల్ల మీద నిర్మల్ నుంచి తెచ్చిన పొనికి కట్టెతోని చెక్కిన అరచేతంత రైలింజను ఉంది, సగం ఎర్రగ, సగం ఇంకా తెల్లగ.

గీ దానికా నన్ను గింత పరేషాన్ చేసిండ్రు, ముందే చెప్తే ఏమైతుండె అని ఏడ్చిన. ఆయన గొంతు తగ్గించిండు.

"మీ బాపుకు తాగుతుండనే చెప్పు. లెక్కల సారు బొమ్మలకు రంగులేస్తుండని మాత్రం చెప్పకు, నేను తలెత్తుకోలేను."

గప్పటికే బాపు లోపలికి రానే వచ్చిండు. తాగుతలేడు బాపూ అంటే నమ్మలే. వంగి, ట్యూబు చిల్లికి ముక్కు పెట్టి మంచిగ పీల్చిండు. గాలే అన్నడు (జర నిరాశగనే). తర్వాత ఇంజను కండ్ల పడ్డది. ముట్టుకోబోయి, రంగు పచ్చిగుందని చెయ్యి ఆపుకున్నడు.

"అల్లుడూ, చక్రాలు తిరుగుతయా?" అని అడిగిండు.

సంచి నేనే లోపల పెట్టుకున్న.

గిప్పుడు బాపు లేడు. సారు రిటైరై, అందరు చూసేటట్టు అరుగు మీదనే కూసోని రంగులేస్తడు. చెయ్యి వణుకుతుందని చుక్కలు నేనే పోస్త. నమ్మకం లేక గాదు గాని, మూత తీసినప్పుడల్లా సీసాను ఒకసారి వాసన చూసే పోస్త. ఆయన మొకం పక్కకు తిప్పుకొని, నవ్వాపుకుంట, "ఇంకొక్క చుక్క" అంటడు.