ఎర్ర గోడ గోకిన మాస్టారు

మా హెడ్మాస్టారు పోయారని వినుకొండ బస్సులో తెలిసింది. పక్కసీట్లో కూర్చున్నావిడ, ఒకప్పుడు నా దగ్గర చదివిన పిల్లాడి తల్లి, "మీకు తెలీదా టీచరుగారూ? మంగళవారమే అయిపోయిందంట" అంది. ఏడుపు రాలేదు. ఒళ్ళంతా నీరసం కమ్మింది, అంతే. ఇన్నేళ్ళు పిల్లల వెనక అరిచి అరిచి అలిసిన మనిషిని. కన్నీళ్ళక్కూడా ఓపిక ఉండాలి కదా.

పదేళ్ళ కిందట దర్శి దగ్గర ఒక ఊళ్ళో ఆయన కింద పనిచేశాను. రెండు గదుల బడి. ఆయన మంచివారే గానీ తొందర మనిషి. పురుగుమందుల కొట్టాయన తన కొట్టుకి వేయించగా మిగిలిన ఎర్ర రంగు ఊరికే ఇస్తానంటే ఎగిరి గంతేశారు. ఐదో తరగతి గోడలకి నేల నుంచి నడుమెత్తు దాకా నిగనిగలాడేట్టు పూయించారు. "ఎరుపు హుషారు రంగండీ టీచరుగారూ! సున్నం గోడలు చూసి చూసి పిల్లలు నీరుగారిపోతున్నారు" అన్నారు. నేనూ సరేనన్నాను. ఊరికే వచ్చేదాన్ని వద్దనే బడి ఎక్కడుంది?

హుషారు సంగతి దేవుడెరుగు. సెలవుల్లో మిరపకోతలకెళ్ళొచ్చిన పిల్లలు, మండే కళ్ళతో ఆ గోడల మధ్య కూర్చుని అయినదానికీ కానిదానికీ కొట్టుకునేవాళ్ళు. ఒక పిల్లయితే అసలు లోపలికే రాలేదు. ఆ ఏడు పత్తి పురుగు పాలయ్యాక వాళ్ళ నాన్న పురుగుమందు తాగి చనిపోయాడు. పిల్ల రోజూ వరండాలో, గదికి వీపు పెట్టి కూర్చునేది. వాళ్ళమ్మ వచ్చి, "బయట కూర్చునే చదువెందుకండీ? నాతోపాటు కోతకి తీసుకుపోతా" అంది. "పది రోజులాగమ్మా" అని మాస్టారు బతిమాలారు.

తర్వాత పిల్ల మీద విసుక్కున్నారు. "ఏమ్మా, లోపలేమన్నా పులుందా?"

"మా నాన్న తాగిన డబ్బా ఈ రంగే సార్" అంది పిల్ల. "లోపల కూర్చుంటే ఆ వాసనొస్తంది."

ఆయన ఆ గోడల వైపు తిరిగి చూశారు. "తప్పు నాదేనమ్మా" అన్నారు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఒక పిల్ల ముందు తప్పు ఒప్పుకున్న పెద్దమనిషిని ఆయన్నొక్కరినే చూశాను. ఆ రోజు నుంచి ఏ గదిలోకెళ్ళినా ముందు పిల్లల మధ్య నేలమీద చతికిలబడి, చుట్టూ చూసి, ఆ తర్వాతే పాఠం మొదలుపెట్టేవారు. "పిల్లల్ని చూడటం కాదండీ, పిల్లలు చూసేదాన్ని చూడాలి" అనేవారు. విని విని నాకు విసుగు కూడా పుట్టింది.

నూనె రంగు మీద సున్నం నిలవదు, గోకాల్సిందే. సాయంత్రాలూ ఆదివారమూ ఇద్దరం గరుకు కాగితం పెట్టి గోకాం. నా మణికట్లు వాచాయి. "మీ హుషారు నా చేతులకొచ్చిందండీ" అని సణిగాను. కొట్టాయన వచ్చి, "ఊరికే ఇస్తే గోకేస్తారా మాస్టారూ?" అని గొంతు పెంచాడు. "మీ తప్పేం లేదండీ, పుచ్చుకున్నది నేను" అన్నారే గానీ మాస్టారు చెయ్యి ఆపలేదు.

సున్నంలో నీలిమందు కలిపి రెండు పూతలు వేశాం. అక్కడక్కడా ఎరుపు ఇంకా లీలగా కనిపిస్తూనే ఉంది. పదో రోజు పొద్దున పిల్ల గుమ్మం దగ్గర నిలబడింది. వెనక వాళ్ళమ్మ గంప పట్టుకుని ఉంది. కోతకి తీసుకుపోవడానికే వచ్చిందనుకున్నాను. మాస్టారు పిలవలేదు, బలవంతపెట్టలేదు. నేలమీద కూర్చుని ఏడో ఎక్కం చెప్పిస్తున్నారు.

పిల్ల లోపలికొచ్చింది. ఇంకా ఆరని గోడకి చెంప ఆనించి కూర్చుంది. అలాగే నిద్రపోయింది. నేను లేపబోయాను.

"లేపబాకండి" అన్నారాయన. "కంటినిండా నిద్రపోయి ఎన్నాళ్ళయిందో."

వాళ్ళమ్మ కాసేపు చూసి, గంప నెత్తిన పెట్టుకుని ఒక్కతే చేలోకి వెళ్ళిపోయింది. మాస్టారు వేలు పెదాల మీద పెట్టుకుని పిల్లలకి సైగ చేశారు. తరగతంతా ఏడో ఎక్కం గుసగుసగా చెబుతుంటే, ఆ పిల్ల చెంపకి తడి సున్నం అంటించుకుని మధ్యాహ్నం గంట కొట్టేదాకా నిద్రపోయింది.