పెద్దబాపు చెవిలో డొప్ప

నా పనికి వంక పెడితే నాకు ఒళ్లు మండుతుంది. జగిత్యాలలో చెవి మిషన్ల షాపులో త్రీడీ ప్రింటర్ నడిపేది నేనే. మెత్తటి ముద్దతో చెవి కొలత తీసి కంప్యూటర్‌కు ఎక్కిస్తే, ప్రింటర్ పొర మీద పొర పేర్చి, చెవిలో కూర్చునే డొప్ప చేస్తుంది. కడిగి, నునుపు చేసి, లోపల మిషన్ అమర్చితే ఇక పెట్టుకోవడమే. ఇప్పటిదాకా ఒక్కటీ వాపసు రాలేదు, మా వెంకటి పెద్దబాపుది తప్ప.

సిరిసిల్లలో నలభై ఏళ్లు సాంచాల, అంటే మరమగ్గాల, చప్పుడు మధ్య బట్ట నేసి ఆయన చెవులు పోగొట్టుకున్నాడు. పెదవులు చూసి మాట పోల్చుకుంటాడు. రెండేళ్ల కింద కొడుకు రాజ్‌కుమార్ గుండె ఆగి చనిపోయాడు. అప్పటి నుంచి ఇంద్రమ్మ పెద్దమ్మ బీడీల చాట ఒళ్లో పెట్టుకుని, తల వంచుకునే ఉంటుంది; ఆమె పెదవులు ఆయనకు కనబడవు.

"మీ పెద్దమ్మ గొంతే మర్చిపోతున్న బిడ్డా. ఒక్కపారి ఇనాలె" అని బతిమాలాడు పెద్దబాపు.

డొప్ప చక్కగా కుదిరింది. వెనక నిలబడి మెల్లగా "చాయ్ తాగుతవా?" అంటే, "శక్కెర తక్కువెయ్యి" అన్నాడు. పడీ పడీ నవ్వుకున్నాం. మిషన్ వచ్చిందని పెద్దమ్మకు చెప్పకుండా, చెవులు కనబడకుండా రుమాలు చుట్టుకుని పోయాడు.

మర్నాడు పొద్దున్నే వచ్చి దాన్ని నా టేబుల్ మీద పెట్టాడు. "పనిచేస్తలేదు."

"ఎందుకు చెయ్యది? నిన్న మంచిగనే ఇన్నవు గద!" అని కసురుకున్నాను.

ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

"మీ పెద్దమ్మ తల వంచుకొని రాజుతోని మాట్లాడుతది బిడ్డా. పానం పోయేటప్పుడు వాడు నన్ను నాలుగుసార్లు పిలిచిండట. పక్కింటి సరోజన ఇన్నదట, బాపు ఇంట్లనే ఉన్నడు గదా అనుకున్నదట. 'మీ బాపు మీద కోపం పెట్టుకోకు కొడుకా, ఆయనకు ఇనరాదు' అని వాన్ని బతిమాలుతున్నది. నేను దాని ముందట్నే కూసోని అంత ఇన్న."

కుర్చీ దగ్గరికి జరిపి ఆయన్ని కూర్చోబెట్టాను.

"నాకు తెలిస్తే బతుకనని రెండేండ్లు దాచింది. నేను ఇన్ననని ఎరుకైతే ఇగ వానితోని గూడ మాట్లాడది. మిషన్ మంచిగ రాలేదని నువ్వే చెప్పాలె."

ఆదివారం సిరిసిల్ల పోయాను. పెద్దమ్మ గుమ్మంలోనే అడిగింది, "మిషన్ అచ్చిందా బిడ్డా?"

"అచ్చింది గని సరిగ్గ కుదురలే పెద్దమ్మా. తప్పు నాదే. పెద్దబాపుకు ఇగ ఏ మిషన్ పనిచెయ్యది."

"పోనియ్ బిడ్డా" అని గట్టిగా ఊపిరి వదిలింది.

గోడకు ఆనుకుని కూర్చున్న పెద్దబాపు మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "ఏమంటున్నరు?" అని అరిచినట్టుగా అడిగాడు.

పెద్దమ్మ ఆయన వైపు తిరిగి, పెదవులు బాగా కదిలిస్తూ, "ఏం లేదు" అంది.