ఎత్తిచ్చిన గొంతు

ఈ నెల మొదట్లో మా మేనల్లుడు విశాఖపట్నం నుంచి ఒక అట్టపెట్టె మోసుకొచ్చి, టెక్కలిలో మా ముందుగది బల్ల మీద రెండు హెడ్‌ఫోన్లు పక్కపక్కన పెట్టి, పది రోజులు రెండింటితోనూ పాటలు విని ఒకటి ఉంచుకోమనీ, రెండోది కొట్టువాళ్ళకు తిరిగి ఇచ్చేయాలనీ చెప్పి వెళ్ళాడు. వాడు అక్కడ పాటలు రికార్డు చేసే స్టూడియోలో పని చేస్తాడు, చెవులతో బతికేవాడు. నేను ముప్పై ఏళ్ళ పైచిలుకు ప్రభుత్వాఫీసులో గుమాస్తాగా ఫైళ్ళతో బతికినవాణ్ణి. చెప్పుల కొట్టులో తప్ప ఒకే రకం వస్తువును రెండేసి ముందు పెట్టుకుని ఏది బాగుందో తేల్చుకునే భోగం మన ఈడువాళ్ళకు ఎక్కడుంది చెప్పండి. మనకు ఇంట్లో ఏ రేడియో ఉంటే అదే మంచి రేడియో.

వాటిలో ఒకటి నల్లది, తోలు మెత్తతో చెవి మొత్తాన్ని కప్పేస్తుంది, వెనక వైపు గట్టిగా మూసి ఉంటుంది. అది పెట్టుకుంటే హైవే మీద బస్సుల హారన్లూ పక్కింటి మిక్సీ చప్పుడూ మాయమై, నూతిలోకి దిగి కూర్చున్నట్టు ఉంటుంది. రెండోదానికి వెనక జల్లెడలాంటి రేకు, గుడ్డ మెత్తలు, తలకు తేలిక. దానిలో పాట మన తలలో కాకుండా గదిలో ఎక్కడో వినిపిస్తుంది, కాకపోతే మన పాట పక్కవాళ్ళకు కూడా వినిపిస్తుంది. ఎలా ఎంచుకోవాలో కూడా మేనల్లుడు ఓపికగా నేర్పాడు. సౌండు ఎక్కువున్నదే మంచిదని చెవి మోసపోతుంది కాబట్టి రెండింటినీ ఒకే సౌండులో వినాలట, కొత్త పాట కాకుండా కంఠతా వచ్చిన పాటే వినాలట, మొదటి రోజే తీర్పు చెప్పకూడదట. మా ఆఫీసులో ఎవరైనా ఫైళ్ళ మీద ఇంత జాగ్రత్త చూపించి ఉంటే జనానికి ఎన్ని తిరుగుళ్ళు తప్పేవో అనుకున్నాను.

నాకు ఈ వయసులో ఇంత ఖరీదైన సరుకు ఎందుకని మీరు అడగవచ్చు, అడగవలసిందే. మా ఆవిడ పోయి రెండేళ్ళయింది, ఇంట్లో ఆమె ఫోటోలు ఉన్నాయి గాని మాట ఎక్కడా లేదు. ఫోను కెమెరా ఎత్తితే చాలు, కొంగు అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయే మనిషి ఆమె. ఆమె గొంతు ఉండే అవకాశం ఉన్నవి ఒక ట్రంకుపెట్టెలోని పద్నాలుగు క్యాసెట్లు మాత్రమే, వాటిలో మా సంఘంవాళ్ళు చర్చిలో పాడిన పాటలున్నాయి, అవి ఒకప్పుడు నేను రికార్డు చేసినవే. మేనల్లుడు వాటిని కిందటేడు తీసుకెళ్ళి, బూజు తుడిచి, పెన్‌డ్రైవులోకి ఎక్కించి తెచ్చాడు. మామూలు స్పీకర్లలో వింటే అంతా ఒకటే హోరు, ఎవరి గొంతు ఎవరిదో తెలియదు. అందుకని వాడే ఈ హెడ్‌ఫోన్ల ఆలోచన చేశాడు.

“ఏది ఎట్టుకుంటే అత్త గొంతు దొరుకుతాదో అదే ఉంచీ మావ, రెండోది నాను పంపించీస్తాను” అన్నాడు వెళ్ళేటప్పుడు బస్సు మెట్టు మీద నిలబడి.

మా ఆవిడది ఉద్దానంలో జీడితోటల మధ్య ఊరు. నాకు ఉద్యోగమైన కొత్తలో ఆ వైపు చర్చికి ఒక ఆదివారం వెళ్ళి, ఆమె పాట ఎత్తివ్వడం విన్నాను, ఆ తరువాత నాలుగు నెలలకు పెళ్ళయింది, అంతకంటే కథేమీ లేదు. పాట ఎత్తివ్వడమంటే మా ప్రాంతపు సంఘాల్లో అదొక పద్ధతి. పాట సంఖ్య చెప్పగానే అందరూ ఒక్కసారి మొదలెట్టరు. ఎత్తిచ్చే మనిషి ఒకరుంటారు, వాళ్ళు మొదటి వరుస ఒక్కరే, ఏ వాయిద్యమూ లేకుండా పాడాలి, ఆ గొంతును బట్టి హార్మోనియం పెట్టె దగ్గర కూర్చున్న పెద్దాయన శ్రుతి వెతుక్కుంటాడు, అది దొరికాక చాపల మీద ఎడమ పక్కన ఆడవాళ్ళూ కుడి పక్కన మగవాళ్ళూ కలిసి అందుకుంటారు. పెళ్ళై టెక్కలి వచ్చాక మా సంఘంలోనూ ఆ పని ఆమెకే వచ్చింది. పాస్టరుగారు సంఖ్య చెప్పడం, ఆమె గొంతు సవరించుకోకుండానే ఎత్తుకోవడం, మిగతా చర్చి అంతా ఆ ఒక్క వరుస సేపూ ఊపిరి బిగబట్టి ఉండడం, ఇదంతా నాకు ఎంత అలవాటైపోయిందంటే, అది ఒక గొప్ప సంగతని ఎప్పుడూ అనిపించలేదు.

ఆ రోజుల్లో నాకు టేపురికార్డరు పిచ్చి. భావనపాడు వైపు నుంచి మా సంఘానికి వచ్చే కుటుంబాల్లో మగవాళ్ళు చాలామంది పడవల పని మీద గుజరాతు వైపు వెళ్ళి నెలల తరబడి ఉండిపోయేవారు, వాళ్ళకు పంపడానికి మన చర్చి పాటలు క్యాసెట్టు చేసివ్వమని ఇంటివాళ్ళు అడిగేవారు. మధ్య దూలానికి తాడు కట్టి స్టీరియో మైకు వేలాడదీసి, రికార్డరు ఒళ్ళో పెట్టుకుని, ఒక చెవికి బుల్లి ఇయర్‌ఫోను పెట్టుకుని, సౌండు ఎంతుందో చూపించే సూది ఎర్రగీత దాటకుండా కాపలా కాస్తూ ఆరాధన అంతా తల దించుకునే కూర్చునేవాణ్ణి. ప్రార్థనలో ఉన్నానని కొత్తవాళ్ళు అనుకునేవారు.

నా టేపులు శుభ్రంగా ఉంటాయని పేరు. ఆ శుభ్రం ఎలా వచ్చిందో చెబుతాను, ఇన్నాళ్ళూ గర్వంగానే చెప్పుకున్నాను కూడా. మొదటి వరుస ఒంటి గొంతుతో వస్తుంది, దాని వెనకే పెద్దాయన శ్రుతి కోసం పెట్టెను కుయ్యి కుయ్యిమనిపిస్తాడు, మధ్యలో ఎవరో దగ్గుతారు, పిల్లలు ఏడుస్తారు. ఇదంతా టేపు దండగని, అందరూ అందుకునేదాకా పాజ్ బటన్ నొక్కి పట్టుకునేవాణ్ణి. అందరూ అందుకోగానే వదిలేసేవాణ్ణి. దాంతో ప్రతి పాటా మొదటి క్షణం నుంచే నిండుగా వినిపించేది. అంటే పద్నాలుగు క్యాసెట్లలో ఏ ఒక్క పాటలోనూ మా ఆవిడ ఒంటరిగా పాడిన వరుస లేదు. ఎవరూ అడ్డురాకుండా, ఎవరూ బలవంతపెట్టకుండా, ఆదివారం తరువాత ఆదివారం నా బొటనవేలితోనే దాన్ని ఆపేశాను.

తరువాత ఉద్దానంలో ఎన్నో ఇళ్ళకు వచ్చినదే మా ఇంటికీ వచ్చింది. ముందు ఆమె అన్నకు, తరువాత ఆమెకు కిడ్నీలు పాడయ్యాయి. వారానికి రెండుసార్లు పలాసకు డయాలసిస్‌కు తీసుకెళ్ళేవాణ్ణి, వెళ్ళేటప్పుడు కిటికీ పక్కన ఆమె, వచ్చేటప్పుడు నా భుజం మీద ఆమె తల, అలా మూడేళ్ళు. చివరి ఏడాది పాట ఎత్తివ్వడం మానేసింది, గొంతు నిలవడం లేదని. పోయిన రోజున అందరూ ఏడ్చారు, నేను షామియానా కుర్చీలు సరిపోయాయా లేదా అని చూసుకుంటూ తిరిగాను. ఏదో ఒక రోజు వస్తుందిలే అనుకున్న ఏడుపు ఈ రెండేళ్ళలో రాలేదు. దున్నపోతు మీద వాన కురిసినట్టు ఉన్నానని నన్ను నేనే తిట్టుకున్నాను, తిట్టుకున్నా ఏమీ కాలేదు. గొంతు వింటేనైనా లోపల ఏదైనా కదులుతుందేమోనని చూడాలనిపించింది, ఈ హెడ్‌ఫోన్లకు ఒప్పుకున్నది అందుకే.

మేనల్లుడు చెప్పినట్టే, ఉదయం ఒకటి, సాయంత్రం ఒకటి, ఒకే సౌండులో, ఒకే పాట విన్నాను. నల్లదానితో ముందు చిక్కు వచ్చింది, నా కళ్ళజోడు కాడ మెత్త కింద ఇరుక్కుని సందు పడితే మంద్రమంతా కారిపోతోంది. జోడు తీసేసి పెట్టుకుంటే సరిపోయింది గాని అరగంటకే చెవులు చెమటతో తడిసిపోయేవి. అయినా దాని పనితనం మెచ్చుకోవలసిందే. ఇన్నాళ్ళూ హోరు అనుకున్నదాన్ని పోగు పోగుగా విడదీసి పెట్టింది. మగవాళ్ళ వైపు వెనక వరుసలో ఒకాయన అరమాత్ర ఆలస్యంగా అందుకుంటున్నాడు, హార్మోనియంలో ఒక మెట్టు గాలి కారుతోంది, ఆడవాళ్ళలో ఆరుగురివో ఏడుగురివో గొంతులు వేరువేరుగా తెలుస్తున్నాయి. జల్లెడదానిలో అంత విడివిడిగా రావు, కాని ఆ చర్చి ఎంత వెడల్పో, రేకుల కప్పు ఎంత ఎత్తో తెలుస్తుంది, కిటికీ బయట కాకి ఎటు పక్క ఉందో కూడా తెలుస్తుంది.

నాలుగో రోజుకు నల్లదే ఉంచుకోవాలని దాదాపు తేల్చుకున్నాను. ఇక మిగిలింది ఆ ఏడు గొంతుల్లో ఆమెది పట్టుకోవడం. అక్కడే ఆగిపోయాను. ఇది ఆమెదే అని ఒక పాటలో అనుకున్నది తరువాతి పాటలో ఇంకెవరిదో అయిపోయేది. ముప్పై నాలుగేళ్ళు కాపురం చేసిన మనిషి గొంతు గుర్తుపట్టలేకపోతున్నానని అర్థమయ్యాక భయం వేయాలి కదా, అదీ వేయలేదు. ఆఫీసులో కాగితం కనబడకపోతే మళ్ళీ మొదటి నుంచి వెతికినట్టు మళ్ళీ మొదటి క్యాసెట్టు నుంచి వెతికాను. తొమ్మిదో రోజున ఇక లాభం లేదని, ఇచ్ఛాపురం దగ్గర ఉండే మా ఆవిడ చెల్లెలికి ఫోను చేసి రమ్మన్నాను. తన పెళ్ళికి ముందు ఆమె మా ఇంట్లోనే ఉండి చదువుకుంది, ప్రతి ఆదివారం అక్క పక్కనే కూర్చునేది.

మా మరదలు మధ్యాహ్నానికి వచ్చింది, అన్నం తిని, చేతులు తుడుచుకుని, జడ సవరించుకుని, నల్లదాన్ని తలకు పెట్టుకుంది. ఒక పాటంతా విన్నది, మధ్యలో నవ్వింది, వెనక వరుస ఆలస్యపు మనిషిని పోల్చుకున్నట్టుంది. రెండో పాట పెట్టాను, మూడోది పెట్టాను. నేను ఆమె ముఖం చూస్తూ, ఇదిగో ఇదే అని వేలు ఎత్తుతుందని కాచుకుని కూర్చున్నాను. నాలుగో పాట సగంలో ఆమె హెడ్‌ఫోను తీసి ఒళ్ళో పెట్టుకుంది.

“ఇందులో అక్క గొంతు నేదు బావ” అంది. “పాట ఎత్తిచ్చీసినాక అక్క నోరిప్పీది కాదు. అందరూ అందుకున్నారా నేదా అని వరసంట అందరికేసీ సూసీది.”

ఆమె హెడ్‌ఫోను తీగను వేలికి చుట్టుకుంది.

“నీకేసి కూడా సూసీది. నివ్వెప్పుడూ తలెత్తనేదేటి?”

లేదు, ఎత్తలేదు. సూది ఎర్రగీత దాటకుండా చూసుకుంటూ కూర్చునేవాణ్ణి. ఆ మాట మరదలికి చెప్పలేక, టీ పెడతానని లేచి వంటింట్లోకి వెళ్ళి, పాలు పొంగేదాకా అక్కడే నిలబడ్డాను. కళ్ళు తడవలేదు. చేతులు మాత్రం చల్లబడ్డాయి, గ్లాసు పట్టుకుంటే వేడి తగలడానికి కొంచెం సేపు పట్టింది.

మర్నాడు మేనల్లుడికి ఫోను చేసి నల్లదాన్ని వెనక్కి ఇచ్చేయమన్నాను. అత్త గొంతు జల్లెడదానిలో దొరికిందన్నమాట అని వాడు సంబరపడబోతే, దొరకలేదనీ, దొరికేది కూడా కాదనీ చెప్పాను. గొంతు వెతకడానికైతే నల్లదే మంచిది, అందులో అనుమానం లేదు. గొంతే లేనప్పుడు ఇక మిగిలింది ఆమె కూర్చున్న చోటు, ఆ రేకుల కప్పు, ఆ వెడల్పు, ఆమె చుట్టూ పాడుతున్న జనం. అది జల్లెడదానిలోనే ఉంది. వాడికి ఎంతవరకు అర్థమైందో తెలియదు, సరే మావ అన్నాడు.

ఇప్పుడు మా సంఘంలో పాట ఎవరూ ఎత్తివ్వరు. కీబోర్డు ముందే శ్రుతి ఇచ్చేస్తుంది, మాటలు తెర మీద వస్తాయి, అందరూ ఒక్కసారే మొదలెడతారు, ఎవరూ తప్పిపోరు. పిల్లలు పాట మొదలవక ముందే ఫోన్లు పైకెత్తి, ఆమెన్ అయ్యాక కుర్చీలు జరిపే చప్పుడు దాకా రికార్డు చేసుకుంటారు. ఇదివరకు చూసి విసుక్కునేవాణ్ణి, ఇప్పుడు విసుక్కోను. మనం చెత్త అని కోసి పారేసినదాన్ని వాళ్ళు దాచుకుంటున్నారు, వాళ్ళకు తెలియకుండానే దాచుకుంటున్నారు, మంచిదే. మనకు ఒక్కసారే వినిపించి పోయేది ఎక్కువ, దాచుకున్నది తక్కువ, ఆ తక్కువలో కూడా ఏది దాచుకోవాలో మనకు తెలిసిందా అంటే నా మటుకు నాకు తెలియలేదు.

సాయంత్రం నాలుగు దాటాక ఆ హెడ్‌ఫోను పెట్టుకుని కూర్చుంటాను. అందరూ అందుకుంటారు, ఆమె ఊరుకుని అందరికేసీ చూస్తూ ఉంటుంది. నేను తల ఎత్తే వింటాను.